ప్లేటు ఒక మాట, నెక్ ఒక మాట

ప్రశ్న: మాది భీమవరం పక్కన పల్లె. కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. విద్యార్థి దశ నుంచి గిటార్ వాయిస్తున్నాను. పాలకొల్లులో ఒకప్పుడు ఆర్కెస్ట్రాలో వాయించిన పెద్దాయన ఈ మధ్య కాలం చేశారు. ఆయన కుమారుడు తండ్రిగారి ఎలక్ట్రిక్ గిటార్‌ను అమ్మకానికి పెట్టారు. అది 1964లో అమెరికాలోని ఫెండర్ కంపెనీ చేసిన స్ట్రాటోకాస్టర్ అనీ, 1978 ప్రాంతంలో కాకినాడ రేవుకు వచ్చిన ఒక ఓడ సిబ్బంది దగ్గర నాన్నగారు కొన్నారనీ చెబుతున్నారు. వెనక లోహపు ప్లేటు మీద ‘ఎల్’ అక్షరంతో మొదలయ్యే సంఖ్య ఉంది, ప్లేటుకు నాలుగు స్క్రూలు ఉన్నాయి. హెడ్‌స్టాక్, అంటే గిటార్ తల, పెద్దది. దాని మీద కంపెనీ పేరు నల్లటి లావు అక్షరాల్లో ఉంది. నట్‌కు, అంటే తల దగ్గర తీగలు ఆనే పట్టీకి, కాస్త పైన తుపాకి గుండు మొనలాంటి లోహపు ముక్క బయటికి కనిపిస్తోంది. వేళ్ళతో తీగలు నొక్కే ఫింగర్‌బోర్డు రోజ్‌వుడ్‌ది. మూడున్నర లక్షలు అడుగుతున్నారు. ఒక పాత అమెరికన్ యాంప్లిఫయర్ కూడా దానితో ఇస్తారట. ఇంకో ఇద్దరు అడుగుతున్నారు కాబట్టి ఆదివారం లోపు తేల్చమన్నారు. కొనమంటారా?

సమాధానం: ముందు సూటిగా చెబుతాను. 1964 ఫెండర్ అనే పేరు మీద మూడున్నర లక్షలకైతే కొనవద్దు. అలాగని పాలకొల్లు వెళ్ళడం మానవద్దు. మీరు రాసిన ఆనవాళ్ళను బట్టి అది ఏ గిటార్ కాదో తెలిసిపోయింది. ఏ గిటారో తెలియాలంటే మాత్రం నెక్, అంటే గిటార్ మెడ, విప్పి చూడాల్సిందే.

ధర దగ్గరే నాకు మొదటి అనుమానం వచ్చింది. 1964 స్ట్రాటోకాస్టర్ నిజమైనదై, రంగుతో సహా అన్నీ అసలువే అయితే ప్రపంచ మార్కెట్లో పదివేల డాలర్లు సులువుగా దాటుతుంది. మన లెక్కలో ఎనిమిది లక్షల పైమాటే. అలాంటి సరుకుకు మూడున్నర లక్షలు మరీ చవక. నకలుకైతే మరీ ప్రియం. అమ్మేవారికీ సరుకు గురించి గట్టి నమ్మకం లేనప్పుడే ధర ఇలా మధ్యలో వచ్చి ఆగుతుంది. ఆ అబ్బాయి మోసగాడని నేను అనడం లేదు. తండ్రి చెప్పిన కథను ఆయన నమ్ముతూ ఉండవచ్చు, ఓడ కథ నిజమే కావచ్చు కూడా. దిగుమతులు బిగించి ఉన్న ఆ రోజుల్లో విదేశీ వాయిద్యం కావాలంటే బంధువులైనా తేవాలి, ఓడవాళ్ళైనా అమ్మాలి. అయితే ఓడ కథ నిజమైనంత మాత్రాన గిటార్ 1964ది అయిపోదు.

ఇక ప్లేటు. ఎల్‌తో మొదలయ్యే సంఖ్యలను ఫెండర్ 1962 చివరి నుంచి 1965 దాకా వాడింది. అమ్మేవారి వాదన అంతా దాని మీదే నిలబడి ఉంది. కానీ ఆ ప్లేటును పట్టి ఉంచేవి నాలుగు స్క్రూలే. ఐదు నిమిషాల్లో విప్పి ఇంకోటి బిగించవచ్చు. ఎల్ సంఖ్య చెక్కిన కొత్త నకలు ప్లేట్లు విడిగా అమ్ముతారు కూడా. అసలు ఫెండర్ కర్మాగారంలోనే ప్లేట్లను వరుస చూసి బిగించలేదు, డబ్బాలోంచి చేతికి అందింది తీసి బిగించారు. అందుకే తెలిసినవాళ్ళు సీరియల్ సంఖ్యను అన్నిటికన్నా చివర చూస్తారు. మీ పక్క ఊళ్ళో ఎవరైనా చెరువు అమ్మకానికి పెట్టి, పాసు పుస్తకంలో సర్వే నంబరు ఉంది కదా అంటే మీరు డబ్బు ఇచ్చేయరు కదా? లింకు డాక్యుమెంట్లు అడుగుతారు, ఈసీ తీయిస్తారు, గట్టు మీద నిలబడి సరిహద్దులు చూస్తారు, కాగితాలన్నీ ఒకే మాట చెబుతున్నాయా అని సరిపోల్చుతారు. పాత గిటార్ బేరమూ అంతే. నెక్, బాడీ, తీగల కదలికను పట్టే పికప్‌లు, లోపలి కంట్రోళ్ళు, రంగు, తీగ చుట్టే మరలు, ఒక్కొక్క దానికీ ఒక్కొక్క పుట్టిన తేదీ ఉంటుంది. అవన్నీ ఒకదానితో ఒకటి ఏకీభవిస్తేనే పెద్ద ధర.

మీ గిటార్‌లో అవి ఏకీభవించడం లేదు. లియో ఫెండర్ తన కంపెనీని 1965 జనవరిలో సీబీఎస్ అనే అమెరికన్ ప్రసార సంస్థకు కోటీ ముప్పై లక్షల డాలర్లకు అమ్మేశాడు. ఆ తరువాత వచ్చిన మార్పులే ఇవాళ మనకు కొలబద్దలు. స్ట్రాటోకాస్టర్ హెడ్‌స్టాక్ 1965 చివర్లో పెద్దదైంది. అంతకు ముందువన్నీ చిన్న తలలే. 1964 గిటార్‌కు పెద్ద తల ఉండే అవకాశం లేదు. పేరు రాసిన తీరు కూడా కలవదు. 1964 దాకా సన్నటి బంగారు రంగు అక్షరాలు, ఆపైన కొన్నేళ్ళు కాస్త లావెక్కిన బంగారు అక్షరాలు ఉండేవి. నల్లటి లావు అక్షరాలు వచ్చింది 1968లో. మీరు తుపాకి గుండు అన్న ముక్కను గిటార్ లోకంలోనూ బుల్లెట్ అనే అంటారు. నెక్ లోపల తీగల లాగుడును తట్టుకోవడానికి ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. దాన్నే ట్రస్ రాడ్ అంటారు. ఆ బుల్లెట్ దాన్ని బిగించే మర. 1971కి ముందు ఆ మర నెక్ అడుగు చివర, బాడీలో దాగి ఉండేది. బిగించాలంటే నెక్ వదులు చేయాల్సి వచ్చేది. ఆ అవస్థ తప్పించడానికే మరను తల వైపుకు తెచ్చారు. అంటే ప్లేటు 1964 అంటుంటే నెక్ మాత్రం 1971 తరువాతి పద్ధతిలో ఉంది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. బుల్లెట్ వచ్చిన సంవత్సరమే ఫెండర్ స్ట్రాటోకాస్టర్ నెక్‌ను నాలుగు స్క్రూల నుంచి మూడింటికి మార్చింది. 1981 దాకా మూడే. కాబట్టి బుల్లెట్ ఉన్న అమెరికన్ నెక్ నాలుగు స్క్రూల బాడీ మీద ఉందంటే, ఆ రెండూ ఒకే గిటార్‌కు పుట్టినవి కావు. లేదా అది అసలు అమెరికన్ గిటార్ కాదు. నా అనుమానం ఈ రెండో దారి మీదే ఎక్కువ.

ఎందుకంటే 1970లలో జపాన్ కర్మాగారాలు అమెరికన్ గిటార్లకు నకళ్ళు విపరీతంగా చేశాయి. పెద్ద తల, బుల్లెట్, నల్లటి అక్షరాలు, అన్నీ అప్పటి ఫెండర్‌ను చూసి దించినవే. కానీ ప్లేటు దగ్గర చాలామంది తమ పాత నాలుగు స్క్రూల పద్ధతినే ఉంచుకున్నారు. వీటిలో రకరకాల స్థాయిలున్నాయి. అట్టడుగున ప్లైవుడ్ బాడీలు. పైన గ్రెకో, ఫెర్నాండెస్ లాంటి పేర్లు. గ్రెకో గిటార్లను చేసిన ఫుజిజెన్ కర్మాగారానికే 1982లో ఫెండర్ తన జపాన్ గిటార్ల తయారీని అప్పగించింది. నకలు చేసినవాళ్ళ పనితనం చూసి అసలువాళ్ళే పని ఇచ్చారన్న మాట. అందుకే నకలు అన్న ఒక్క మాటతో ఆ గిటార్‌ను తీసిపారేయకండి. 1978లో ఓడవాళ్ళు అమ్మిన గిటార్ అంటే జపాన్ సరుకు కావడానికే ఎక్కువ వీలుంది. ఎవరో తరువాత పేరు మార్చి, ప్లేటు మార్చి ఉంటారు. అది పెద్దాయన కొనక ముందే జరిగి ఉండవచ్చు.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. మీరు భౌతికశాస్త్రం చెప్పేవారు కాబట్టి నాకు సగం శ్రమ తగ్గింది. మల్టీమీటర్, చిన్న అయస్కాంతం, నోట్లు పరీక్షించే అతినీలలోహిత కిరణాల టార్చి, స్క్రూ తలకు సరిగ్గా కూర్చునే స్క్రూడ్రైవర్, చేతి అద్దం, ఫోను తీసుకెళ్ళండి. కొత్త తీగల సెట్టు కూడా ఒకటి పట్టుకెళ్ళండి, పాత తీగలు విప్పితే తెగడం ఖాయం. ముందే ఫోను చేసి, నెక్ విప్పి చూస్తానని చెప్పండి. ఇంటికి వెళ్ళి కాఫీ తాగాక స్క్రూడ్రైవర్ బయటికి తీస్తే ఎవరికైనా మనసు కష్టమవుతుంది, పైగా అది తండ్రి వాయించిన వస్తువు. ఒప్పుకోకపోతే తొందరపెట్టవద్దు. కానీ అలాంటప్పుడు దాన్ని పేరూ ఊరూ లేని గిటార్‌గా లెక్కవేసి బేరమాడండి.

విప్పక ముందే కొన్ని సంగతులు బయటి నుంచి తెలుస్తాయి. నెక్ వెనక పొడవునా నల్లటి చెక్క చార ఉందేమో చూడండి. 1964 నాటి ఫెండర్‌లో రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డు ఉన్న నెక్‌కు ఆ చార ఉండదు. హెడ్‌స్టాక్‌ను కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టి, పేరు చుట్టూ వేలితో తడమండి. పాత పేరు గీకేసి కొత్తది అతికిస్తే అక్కడ పళ్ళెంలా పల్లం కనిపిస్తుంది, లేకపోతే చుట్టూ పాలిష్ మెరుపు తేడాగా ఉంటుంది. తీగ చుట్టే మరల వెనక మూతల మీద ఏ పేరు, ఏ అక్షరం ఉన్నాయో ఫొటో తీసుకోండి. 1960ల మధ్య దాకా ఫెండర్ మీద క్లూసన్ కంపెనీ మరలుండేవి, ఆపైన ఎఫ్ అక్షరం అచ్చువేసిన మూతలు వచ్చాయి. పికప్ మార్చే స్విచ్ ఎన్ని చోట్ల ఆగుతోందో వినండి. కర్మాగారం నుంచి ఐదు స్థానాల స్విచ్ రావడం 1977లో మొదలైంది, అంతకు ముందు మూడే. అయితే స్విచ్ ఒక్కటే చూసి ఏమీ తేల్చకండి. ఐదు స్థానాల సౌకర్యం కోసం వాయించేవాళ్ళు పాత గిటార్లకూ దాన్ని వేయించుకున్నారు.

తరువాత తీగలు వదులు చేసి, వెనక స్క్రూలు తీసి, నెక్‌ను నెమ్మదిగా ఎత్తండి. ఊపి లాగవద్దు. ఏళ్ళ తరబడి కదలని నెక్ బాడీకి అతుక్కుని ఉంటుంది, లాగితే అంచున రంగు పెచ్చుగా లేచిపోతుంది. నా మట్టుకు నేను గిటార్ ముఖం కన్నా ఈ చోటునే ఎక్కువ నమ్ముతాను. ఎవరూ చూడరనుకున్న చోట పనివాళ్ళు పెన్సిలుతో గీతలు గీస్తారు, ముద్రలు వేస్తారు, వాటిని మార్చాలన్న ఆలోచన మామూలు మోసగాడికి రాదు. నెక్ అడుగున 1964 ఫెండర్‌కైతే సిరా ముద్ర ఉండాలి. మొదట 2 అనే అంకె, తరువాత నెల పేరులోని మూడు అక్షరాలు, సంవత్సరం, చివర నట్ వెడల్పును తెలిపే ఒక అక్షరం ఉంటాయి. ఆ 2 స్ట్రాటోకాస్టర్ గుర్తు, చివరి అక్షరం మామూలుగా బి. మీ గిటార్‌లో ఈ ముద్ర కనిపిస్తుందని నేను అనుకోవడం లేదు. దాని బదులు నెక్ అడుగున చిన్న గుండ్రటి లోహపు బిళ్ళ దిగేసి ఉందనుకోండి, అది 1970ల అమెరికన్ నెక్ అనడానికి మంచి సూచన. నెక్ వాలును చిన్న మరతో సరిచేసే ఏర్పాటు కోసం దాన్ని పెట్టేవారు. అప్పుడు బాడీలో పూడ్చేసిన పాత స్క్రూ రంధ్రాలు ఉన్నాయేమో వెతకండి. బిళ్ళా లేక, ముద్రా లేక, పెన్సిల్ అంకెలో జపనీస్ అక్షరాలో ఉంటే నా అనుమానం నిజమైనట్టే.

ప్లేటు తీసినప్పుడు దాని అడుగున రంగు మీద పడిన అచ్చును కూడా చూడండి. ఏళ్ళ తరబడి ఒకే ప్లేటు ఉన్న చోట దాని అంచు గీత రంగులో స్పష్టంగా దిగుతుంది. ఇప్పటి ప్లేటు ఆ గీతలో చక్కగా కూర్చోకపోతే అది తరువాత వచ్చినదే. చాలా జపాన్ గిటార్ల ప్లేట్ల మీద జపాన్‌లో తయారైనట్టు అచ్చు ఉండేది. దాన్ని తీసి పారేస్తే తప్ప ఫెండర్ అని అమ్మలేరు, అందుకే ప్లేటు మారుతుంది.

నెక్ చివరను అద్దంలో పక్క నుంచి చూస్తే రోజ్‌వుడ్ పొర ఎలా అతికారో తెలుస్తుంది. ఫెండర్ 1959లో రోజ్‌వుడ్ మొదలుపెట్టినప్పుడు అడుగు చదునుగా ఉండే దళసరి పలక వాడింది. 1962 మధ్య నుంచి మేపుల్ చెక్కను గుండ్రంగా చెక్కి, దాని మీద వంపు తిరిగిన పలుచటి పొర అతికించింది. 1964 నెక్ అన్నవారికి ఆ వంపు చూపించమనండి. చాలా నకళ్ళలో చదును పలకే ఉంటుంది, వంపు అతికింపు ఖర్చుతో కూడిన పని.

ఇక ముందున్న ప్లాస్టిక్ రేకు, అంటే పిక్‌గార్డ్ ఎత్తండి. మొదట బాడీలో తొలిచిన గుంట గోడలు చూడండి. బిస్కెట్ పొరల్లా చెక్క పొరలు కనిపిస్తే ప్లైవుడ్, ఆ బేరం అక్కడితో ఆపేయవచ్చు. ఫెండర్ బాడీలు ఆల్డర్, లేదా యాష్ గట్టి చెక్కతో చేసినవి. తరువాత వాల్యూమ్, టోన్ కంట్రోళ్ళ వెనక చూడండి. అమెరికన్ కంట్రోలు వెనక డొప్ప సుమారు 24 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. జపాన్‌వి తరచు అందులో మూడింట రెండు వంతులే. డొప్ప మీద అచ్చు వేసిన సంఖ్యే అసలు నిధి. అది 137తో మొదలైతే సీటీఎస్ కంపెనీది, 304 అయితే స్టాక్‌పోల్‌ది. ఆ తరువాతి అంకెలు సంవత్సరం, వారం. ఉదాహరణకు 1376614 అంటే సీటీఎస్ 1966లో 14వ వారం చేసినది. దీంతో గిటార్ ఎప్పటికన్నా ముందు పుట్టలేదో తెలుస్తుంది. సరిగ్గా ఎప్పుడు పుట్టిందో తెలియదు. ఫెండర్ 1966లో కంట్రోళ్ళను కుప్పలుగా కొనేసి ఏళ్ళ తరబడి వాడింది కాబట్టి 1960ల చివరి గిటార్లలోనూ 1966 సంఖ్యలే కనిపిస్తాయి. 1964 అన్న గిటార్‌లో మాత్రం 66 కనిపించకూడదు. టంకం కూడా చూడండి. ఏళ్ళనాటి టంకం మసకబారి ఉంటుంది. తళతళలాడుతుంటే ఎవరో ఈ మధ్య చేయి పెట్టారు. లోపలి విద్యుత్ తీగలకు 1960ల చివరి దాకా గుడ్డ తొడుగు, ఆపైన ప్లాస్టిక్ తొడుగు.

పికప్‌లను తిప్పి చూస్తే ఇంకో తీర్పు దొరుకుతుంది. ఫెండర్ పికప్‌లో కనిపించే ఆరు బొడిపెలూ ఒక్కొక్కటీ నిజమైన అయస్కాంతమే. చవక పికప్‌లలో అవి ఉత్త ఇనుప మేకులు, అడుగున ఒక సిరామిక్ అయస్కాంతపు కడ్డీ అతికించి ఉంటుంది. బొడిపెల ఎత్తులు 1974 దాకా ఎగుడుదిగుడుగా, ఆ తరువాత సమంగా ఉండేవి. మల్టీమీటర్‌తో నిరోధం కొలవడానికి టంకం విప్పనక్కరలేదు. కేబుల్ పెట్టి, వాల్యూమ్ పూర్తిగా పెంచి, అవతలి కొనల మధ్య కొలవండి. 1960ల స్ట్రాటోకాస్టర్ పికప్ సుమారు 5.5 నుంచి 6.5 కిలో ఓములు. 250 కిలో ఓముల వాల్యూమ్ కంట్రోలు సమాంతరంగా ఉంటుంది కాబట్టి 6 ఉన్నది 5.86గా కనిపిస్తుందని మీకు చెప్పనక్కరలేదు. ఈ అంకెతో వయసు తేలదు, చుట్టు తెగిందో లేదో తెలుస్తుంది. మన గాలిలో అది కూడా చిన్న విషయం కాదు.

అయస్కాంతం దేనికంటే, తీగలు బాడీ మీద ఆనే బ్రిడ్జి కింద స్ప్రింగులు తగిలించిన దిమ్మెకు ఆనించి చూడటానికి. 1971 దాకా అది ఉక్కు, అతుక్కుంటుంది. ఆపైన జింకు మిశ్రమాన్ని పోతపోశారు, అతుక్కోదు. నకళ్ళలోనూ పోత దిమ్మెలే ఎక్కువ. మీ గిటార్‌లో అతుక్కోకపోతే 1964 కథకు ఇంకో మేకు ఊడినట్టే.

రంగు విషయం. ఫెండర్ 1968 దాకా నైట్రోసెల్యులోజ్ లాకర్ వాడి, ఆపైన పాలిస్టర్‌కు మారింది. లాకర్ పలుచగా ఉంటుంది, అరిగిన చోట చెక్కలోకి కలిసిపోయినట్టు మాసిపోతుంది. పాలిస్టర్ దళసరి. దెబ్బ తగిలిన చోట గుడ్డు పెంకులా పెచ్చు లేస్తుంది, అంచు పదునుగా ఉంటుంది. గది చీకటి చేసి టార్చి వేస్తే వయసు మళ్ళిన లాకర్ పచ్చగా, కాస్త పసుపు కలిసి మెరుస్తుంది. తరువాత పూసిన చోట్లు నల్లటి మచ్చల్లా నిలబడతాయి. తిరిగి రంగు వేసిన పాత గిటార్‌కు ధర సగానికి పడుతుందన్నది ఈ వ్యాపారంలో అందరూ అనుసరించే మోటు లెక్క. కాబట్టి మెరిసేలా కొత్త రంగు వేయించాం అని ఎవరైనా గొప్పగా చెబితే లోలోపల సగం కొట్టేయండి.

డెల్టాలో కొనేవారికి మాత్రమే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. సముద్రపు గాలి, చెరువుల తేమ, వరద నీళ్ళు. ఇక్కడ నలభై ఏళ్ళు ఉన్న గిటార్‌కు తుప్పు ఉండటం తప్పు కాదు, లేకపోవడమే వింత. బ్రిడ్జి తుప్పుపట్టి స్క్రూలు మాత్రం మెరుస్తుంటే ఎందుకని అడగండి. తుప్పు పట్టిన స్క్రూలు తీసి కొత్తవి వేయించడం బాధ్యత గల వాయిద్యకారుడు చేసే పనే, కారణం చెప్పగలిగితే చాలు. పెట్టె లోపలి మఖ్మల్ గుడ్డకు నీటి చార ఉందేమో, గిటార్ గుంటల్లో సన్నటి ఒండ్రు పొర ఉందేమో చూడండి. వరదలో మునిగి ఆరిన గిటార్ చూడటానికి బాగానే ఉంటుంది, కానీ అతుకుల జిగురు వదులుతుంది, పికప్‌ల చుట్లు లోలోపల తుప్పుపడతాయి. పుచ్చు పట్టిన రంధ్రాలు నెక్ మీద కనిపిస్తే ఎంత చవకైనా ఇంటికి తేవద్దు.

నెక్ నిటారుగా ఉందో లేదో చూడటానికి ఒక తీగను మొదటి మెట్టు (ఫ్రెట్) దగ్గరా చివరి మెట్టు దగ్గరా నొక్కి పట్టండి, ఏడో ఎనిమిదో మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య సందు చూడండి. విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉంటే సరి. వేలు దూరేంత ఉంటే బుల్లెట్ మర తిరుగుతుందో లేదో తెలుసుకోకుండా కొనకండి. కానీ మీ అంతట మీరు తిప్పవద్దు, యజమాని ఎదుట, ఆయన అనుమతితో, పావు మలుపు మాత్రమే. తుప్పుతో బిగుసుకుపోయిన ట్రస్ రాడ్‌ను బలవంతం చేస్తే తెగుతుంది. దాన్ని బాగుచేసే ఖర్చు గిటార్ ధరలో సగం తినేస్తుంది.

యాంప్లిఫయర్ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. అమెరికాలో వాడకానికి చేసినదైతే అది సుమారు 117, 120 వోల్టులకు చేసినది. మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే క్షణంలో కాలిపోతుంది. పనిచేస్తోందని చూపడానికి ఆయన ఉత్సాహంగా ప్లగ్గు పెట్టబోతే ఆపండి, వెనక పలక మీద వోల్టేజీ చదవండి. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ముట్టుకోవద్దు. వాల్వులున్న యాంప్లిఫయర్ లోపల కెపాసిటర్లు ప్లగ్గు తీసిన తరువాత కూడా ప్రాణాంతకమైన వోల్టేజీని పట్టి ఉంచగలవు, కాబట్టి మూత తెరిచి చూడాలన్న కుతూహలాన్ని మీ ప్రయోగశాలకే పరిమితం చేయండి. పాత యాంప్లిఫయర్లకు ఎర్త్ తీగ ఉండదు. తెలిసిన మెకానిక్‌తో మూడు పిన్నుల తీగ వేయించే వరకు గిటార్ తీగలు పట్టుకుని మైకుకు పెదవి ఆనించకండి. గిటార్‌ను పరీక్షించడానికి మీ సొంత యాంప్లిఫయర్ తీసుకెళ్ళండి. గిటార్ మూలుగుతుంటే కంగారుపడకండి, ఒంటి చుట్ట (సింగిల్ కాయిల్) పికప్‌ల స్వభావం అది. తీగలను తాకగానే మూలుగు తగ్గితే ఎర్త్ సరిగా ఉన్నట్టు.

ఇదే సందర్భంలో ఒక చిన్న మాట. ఇంకో అమెరికన్ కంపెనీ గిబ్సన్ పేరున్న గిటార్ల గురించి కూడా ఉత్తరాలు వస్తుంటాయి. అక్కడ మొదట చూడాల్సింది తల వెనక భాగం. వెనక్కి బాగా వాలిన మహాగని తల పెట్టెలో పడినా అక్కడే విరుగుతుంది, బస్సు పైన కట్టి కచేరీలకు తిరిగిన గిటార్లలో అతికించినవి తక్కువేమీ కావు. నట్ వెనక చెక్క ఉబ్బు ఉంటే అది 1969కి ముందుది కాదు, ఆ ఉబ్బును బలం కోసం అప్పుడు మొదలుపెట్టి 1981 దాకా ఉంచారు. పేరులో బి అక్షరానికి బదులు వి ఉంటే అది గివ్సన్, కోల్‌కతాది. పాత ఆర్కెస్ట్రాల ఇళ్ళలో అవి చాలానే ఉన్నాయి, వాటికి పాతకాలపు అమెరికన్ ధరలు చెప్పేవారితో వాదన పెట్టుకోవద్దు.

మళ్ళీ మీ బేరానికి వస్తాను. నెక్, బాడీ, పికప్‌లు 1970ల అమెరికన్‌వే అని తేలి, అన్నీ ఒకే గిటార్‌వని గట్టిగా తెలిస్తే అప్పుడు మూడున్నర లక్షలు ఆలోచించదగిన మాట, అది కూడా కాస్త తగ్గించాకే. అది జరిగే వీలు తక్కువని ముందే చెప్పాను. నెక్ మాత్రమే అమెరికన్‌ది అయితే నెక్‌కు విలువ కట్టి, మిగతాది మామూలు చెక్కగా లెక్కవేయండి. గట్టి చెక్క బాడీ, మంచి పికప్‌లు, సరైన నెక్ ఉన్న జపాన్ గిటార్ అయితే, నా అంచనాలో నలభై వేల దగ్గర మొదలుపెట్టి అరవై దాటకూడదు. పేరు గీకేసి ఉంది కాబట్టి సేకరణకారులు దాన్ని ముట్టుకోరు, అదే మీకు అనుకూలం. మీకు కావలసింది వాయించడానికి గిటార్ అయితే ఆ ధరకు కొత్త దుకాణంలో దొరికే చాలా వాటికన్నా అది బాగా పలకవచ్చు. ప్లైవుడ్ అయితే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఆదివారం గడువు గురించి: ఇంకో ఇద్దరు కొనేవాళ్ళు ఉన్నారన్న మాట ప్రతి బేరంలోనూ ఉంటుంది. నిజంగా ఉంటే కొననివ్వండి. నెక్ విప్పి చూడని మనిషి మూడున్నర లక్షలు పెడితే అది ఆయన ఇష్టం. మీరు మాత్రం చూసిన వాటిని ఆ అబ్బాయికి మెత్తగా, ఫొటోలు చూపిస్తూ చెప్పండి. మీ నాన్నగారు మోసం చేశారనీ, మోసపోయారనీ అనవద్దు. ఆ రోజుల్లో కచేరీలో ఎలక్ట్రిక్ గిటార్ మోగడమే గొప్ప, దాని పుట్టిన తేదీ ఎవరికి కావాలి? ఆయన వాయించిన ఫొటో ఏదైనా ఉంటే, అందులో ఈ గిటార్ తలా, ప్లేటూ కనిపిస్తున్నాయేమో చూడండి. పేరు ఎప్పుడు మారిందో దాంతో తేలవచ్చు.

బేరం కుదిరితే రసీదు రాయించుకోండి. అందులో ‘ఫెండర్’ అనీ, ‘1964’ అనీ రాయవద్దు. నెక్ అడుగున, కంట్రోళ్ళ వెనక మీరు చూసిన సంఖ్యలను యథాతథంగా రాసి, ‘ఎలక్ట్రిక్ గిటార్ ఒకటి, ప్లేటు తరువాత మార్చినది’ అని ఇద్దరూ సంతకం పెట్టండి. ఆ ఎల్ ప్లేటును తీసి విడిగా కవరులో ఉంచి, మామూలు ప్లేటు ఒకటి బిగించుకోండి.